శౌనఃశేపాఖ్యానము - పురాకథా ప్రయోజన విచారము

ఆంధ్రుల పేరు వాఙ్మయమున తొలుత కనిపించు స్థలము ఐతరేయ బ్రాహ్మణమని ఆంధ్రదేశ చరిత్ర గ్రంథములు సాధారణముగా మొదటి పుటలలోనే చెప్పును. విశ్వామిత్రుడు తన కుమారులలో 50 మందిని శపించెననియు, వారి సంతతియే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అనియు అందు గలదు. చరిత్రకారులకు ఇంతవరకే పని. ఈ ఒక్క వాక్యమును ఆధారముగా గొని ఆంధ్రులు ఆర్యేతరులని కొందరును, విశ్వామిత్ర సంతతి గనుక ఆర్యులే యని కొందరును వాదించిరి. పరస్పర విరుద్ధములైన రెండు వాదములకును ఒకే వాక్యము సాక్షి యగుట విచిత్రము. ఆ వాక్యము ఏ కథలోనిది, ఆ కథను ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెప్పుచుండిరి అను ప్రశ్నలు మాత్రము ఈ చర్చలలో అరుదుగా వినవచ్చును.

పురాకథ యనగా నేమి, మానవసంఘమున దాని పని యేమి అను ప్రశ్నకు ఇంతకంటె మంచి ఉదాహరణము వైదికవాఙ్మయమున దొరకుట కష్టము. ఏలయన ఈ కథకు పాఠము మాత్రమే కాదు, దానిని చెప్పవలసిన సమయము, చెప్పువాని ఆసనము, వినువాని అధికారము, చెప్పినందుకు దక్షిణ, విన్నందుకు ఫలము - ఇన్నింటిని శాస్త్రమే నిర్ణయించినది. అన్యజాతుల పురాకథలను సేకరించినవారికి కథ దొరకును గాని ఈ సామగ్రి యంతయు తరచుగా దొరకదు.

కథ ఐతరేయ బ్రాహ్మణమున సప్తమపంచికలో 13వ ఖండము మొదలు 18వ ఖండము వరకు నున్నది. శాంఖాయన శ్రౌతసూత్రమునను స్వల్పభేదములతో గలదు. ఇక్ష్వాకువంశపు రాజు హరిశ్చంద్రునకు 100 మంది భార్యలు, పుత్రుడు లేడు. ఇంట నివసించుచున్న నారదుని, పుత్రుని వలన నేమి లాభమని ఒక గాథతో అడుగగా నారదుడు పది గాథలతో సమాధానము చెప్పెను. పుత్రుని వలన తండ్రి ఋణము తీర్చుకొనును, చీకటిని దాటును, తానే మరల పుట్టును అని ఆ గాథల సారము. పిమ్మట వరుణుని ప్రార్థింపుమనియు, పుట్టిన పుత్రునితోనే ఆయనను యజింతునని మాట యిమ్మనియు ఉపదేశించెను. రోహితుడు పుట్టెను. వరుణుడు వచ్చి అడిగెను. పది దినములు గడవనిమ్మని ఒకమారు, పండ్లు రానిమ్మని ఒకమారు, ఊడనిమ్మని ఒకమారు, మరల రానిమ్మని ఒకమారు, కవచము ధరించు ప్రాయము రానిమ్మని ఒకమారు హరిశ్చంద్రుడు గడువు కోరుచు వచ్చెను. చివరకు కుమారునితో విషయము చెప్పగా, అతడు కాదని విల్లు చేతగొని అడవికి పోయెను. వరుణుడు రాజును పట్టెను. రాజునకు ఉదరము ఉబ్బెను.

తండ్రి దుఃస్థితి విని రోహితుడు ఊరికి మరలినప్పుడెల్ల ఇంద్రుడు బ్రాహ్మణరూపమున ఎదురై సంచరింపుమని మరలించెను. ఆరవ సంవత్సరమున రోహితునకు అడవిలో ఆకలితో నున్న అజీగర్తుడను ఋషి కనిపించెను. ఆయనకు శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు అని ముగ్గురు కుమారులు. ఒకనికి 100 గోవులు ఇత్తునని రోహితుడనగా తండ్రి పెద్దవానిని విడువనన్నాడు, తల్లి చిన్నవానిని విడువనన్నది. నడిమివాడు అమ్ముడుపోయెను. క్షత్రియునకంటె బ్రాహ్మణుడు అధికుడే యని వరుణుడు మారకమునకు ఒప్పుకొని రాజసూయమును ఉపదేశించెను. అభిషేచనీయ దినమున శునఃశేపుడు పశుస్థానమున నిలిచెను. విశ్వామిత్రుడు హోత, జమదగ్ని అధ్వర్యుడు, వసిష్ఠుడు బ్రహ్మ, అయాస్యుడు ఉద్గాత. ఇంతటి ఋత్విక్కులున్న యాగశాలలో ఆ బాలుని యూపమునకు కట్టువాడు దొరకలేదు. మరి 100 గోవులకు అజీగర్తుడే కట్టెను. వధించువాడును దొరకలేదు. మరి 100 గోవులకు అజీగర్తుడే కత్తి నూరుచు వచ్చెను.

అప్పుడు శునఃశేపుడు, వీరు తనను మనుష్యుడు కానివానివలె చంపబోవుచున్నారని గ్రహించి దేవతలను ఆశ్రయించెను. ప్రజాపతి అగ్నికడకు, అగ్ని సవితకడకు, సవిత వరుణునికడకు పంపుచుండగా దేవతలను వరుసగా స్తుతించుచు చివర ఉషస్సును చేరెను. ఆమెను స్తుతించుచున్నపుడు ఒక్కొక్క ఋక్కునకు పాశము సడలెను, రాజు ఉదరము తగ్గెను. కడపటి ఋక్కుతో ఒకనికి బంధము, ఒకనికి వ్యాధి తొలగెను. ఋగ్వేద ప్రథమమండలమున 24 మొదలు 30 వరకు గల ఏడు సూక్తములు, 97 ఋక్కులు, శునఃశేపునివిగా అనుక్రమణి చెప్పుచున్నది. పశువుగా తెచ్చినవానినే ఋత్విక్కులు ఆనాటి యాగమును ముగింపుమని కోరిరి.

ఇచటితో కథ ముగిసినచో ఇది దేవతామహిమను చెప్పు కథ మాత్రమే అయి యుండును. ముగియలేదు. శునఃశేపుడు పోయి విశ్వామిత్రుని అంకమున కూర్చుండెను. అజీగర్తుడు కొడుకును ఇమ్మని అడిగెను. దేవతలు ఇతనిని తనకు ఇచ్చిరని విశ్వామిత్రుడు నిరాకరించెను. తండ్రి పశ్చాత్తాపముతో గోవులను అతనికే ఇత్తుననెను. ఒకమారు ఇట్టి పని చేసినవాడు మరియొకమారు చేయక మానడనియు, ఈ తెగిన సంబంధము సంధింపరానిదనియు శునఃశేపుడు పలికెను. విశ్వామిత్రుడును ఆ మాటనే బలపరచెను. అతడు దేవరాతుడను పేర విశ్వామిత్రునకు జ్యేష్ఠపుత్రుడయ్యెను. విశ్వామిత్రుని 101 మంది కుమారులలో మధుచ్ఛందునికంటె పెద్దవారు 50 మంది ఈ జ్యేష్ఠత్వమును అంగీకరింపలేదు. వారి సంతతికి అంతములు, అనగా ఎల్లలు, భాగమగునని తండ్రి శపించెను. ఆంధ్రాదులు వారే. మధుచ్ఛందుడు తక్కిన 50 మందితో అంగీకరించి ఆశీస్సులు పొందెను. దేవరాతుడు జహ్నువంశపు ఆధిపత్యమును, గాథినుల విద్యను రెండింటిని వారసత్వముగా పొందెను.

ఇంత కథకు వెంటనే బ్రాహ్మణము వినియోగము చెప్పుచున్నది. అభిషిక్తుడైన రాజునకు హోత దీనిని చెప్పవలెను. హోత బంగారు ఆస్తరణముపై కూర్చుండును. అధ్వర్యుడును అట్టిదానిపైననే కూర్చుండి ప్రతిగరము పలుకును. ఋక్కు వచ్చినప్పుడు ఓంకారము, గాథ వచ్చినప్పుడు తథా యనుట. మొదటిది దైవము, రెండవది మానుషము. ఈ రెండింటిచేతను రాజు పాపము నుండి విడివడునని ఫలశ్రుతి. చెప్పినవానికి 1000 గోవులు, ప్రతిగరము పలికినవానికి 100 గోవులు, ఇరువురకును ఆ ఆసనములు, హోతకు అదనముగా తెల్లని కంచరగాడిదలు పూన్చిన రథము. యాగము చేయకున్నను విజయమును పొందిన రాజు దీనిని చెప్పించుకొనవచ్చును. పుత్రులు కావలెనన్నవారును చెప్పించుకొనవచ్చును. ఆశ్వలాయనుడును, కృష్ణయజుర్వేదులకు ప్రమాణమైన ఆపస్తంబుడును రాజసూయ ప్రకరణమున శౌనఃశేపమును విధించిరి.

కథలకు ఇట్లు సమయనియమము చెప్పుట ఇచట మాత్రమే కాదు. అశ్వమేధమున గుఱ్ఱము తిరుగుచుండు సంవత్సరకాలము పారిప్లవమను పేర పది దినముల ఆవృత్తిగా ఆఖ్యానములు చెప్పబడును. అందు ఎనిమిదవ దినము ఇతిహాసమునకు, తొమ్మిదవది పురాణమునకు అని శతపథమున గలదు. ఉపనిషత్తులలోని కథలు కూడ ఈ పారిప్లవము కొరకేనా యను సందేహమును బాదరాయణుడు తృతీయాధ్యాయ చతుర్థపాదమున ఎత్తుకొని, పారిప్లవకథలు ఇవియని ప్రత్యేకముగా చెప్పబడియుండుటచే తక్కినవి కావు, అవి తమకు సమీపమున నున్న విద్యకు ఉపకరించును అని తేల్చెను. కథ యొక్క అర్థము దాని సన్నిధిని బట్టి యని ఇందలి ఆంతర్యము.

పూర్వమీమాంసకులది ఇంకను కఠినమైన ప్రశ్న. వేదము క్రియ కొరకు గదా, క్రియను చెప్పని కథలకు ప్రామాణ్యమెక్కడిది? రుద్రుడు ఏడ్చెను, ఆ కన్నీరు వెండియయ్యెను అని తైత్తిరీయ సంహితలో నున్నది. ప్రజాపతి తన వపను తానే పెరికి అగ్నిలో వేసెననియు నున్నది. ఇవి జరిగినవా? అర్థవాదాధికరణమున శబరస్వామి చూపిన మార్గము ప్రసిద్ధమే. కథ స్వతంత్రముగా ప్రమాణము కాదు. సమీపమున నున్న విధితో ఏకవాక్యత పొంది, ఆ కర్మను ప్రశంసించియో, నిషిద్ధమును నిందించియో సార్థకమగును. బర్హిస్సుపై వెండిని దక్షిణగా ఈయరాదను నిషేధమునకు రుద్రరోదనము తోడగును. ఇది జరిగినదా యని కాక ఇది దేనికొరకు చెప్పబడినది యని అడుగుట ఇచటి నేర్పు. యాస్కుని కాలముననే ఈ రెండు దృష్టులును వేరుపడియుండెను. వృత్రుడెవరన్న ప్రశ్నకు మేఘమని నైరుక్తులు, త్వష్ట కుమారుడైన అసురుడని ఐతిహాసికులు చెప్పిరని నిరుక్తము.

పాశ్చాత్యదేశములలో ఈ విచారము వేరు దారిలో నడచినది. 19వ శతాబ్దమున మాక్స్ ముల్లర్ పురాకథలను భాషకు పట్టిన రోగముగా భావించెను. నామములు తమ పూర్వార్థమును కోల్పోయినప్పుడు వాని చుట్టును కథలు అల్లుకొనునని ఆయన మతము. శునఃశేపకథను 1859లో ప్రకటించిన తన సంస్కృతవాఙ్మయ చరిత్రలో ఆయనయే ప్రత్యేకముగా అనువదించెననుట గమనింపదగినది. ఇది పూర్వకాలపు నరబలికి స్మృతియా, కాదా యను చర్చ ఆనాటి నుండి చాలకాలము సాగినది. కట్టువాడును వధించువాడును దొరకలేదని కథయే చెప్పుచుండగను, పురుషమేధమున మనుష్యులను పర్యగ్నికరణానంతరము విడిచిపెట్టుదురని శతపథము చెప్పుచుండగను ఆ చర్చకు అంత వ్యాప్తి కలుగుట ఆనాటి అభిరుచికి నిదర్శనము.

ఇరువదవ శతాబ్దమున మాలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవులలో నివసించి, 1926లో ప్రకటించిన గ్రంథమున, పురాకథ ఊహావిలాసము కాదు, ప్రకృతికి వ్యాఖ్యానమును కాదు, ఆ సంఘమునకు అధికారపత్రము వంటిదని ప్రతిపాదించెను. ఈ భూమి ఈ కులమువారిదగుటకు, ఈ కర్మను వీరే చేయుటకు, వీరు వారికంటె పైనుండుటకు కథ ఆధారపత్రము. మీమాంసకులు విధికి అర్థవాదమును జతచేసినట్లే ఈయన ఆచారమునకు కథను జతచేసెను. ఎవరు ముందు చెప్పిరను పోటీ ఇచట అనవసరము. మీమాంసకుని దృష్టి వాక్యముపైన, మాలినోవ్‌స్కీ దృష్టి సంఘముపైన అను భేదమును మరువరాదు.

ఈ సిద్ధాంతమును శౌనఃశేపమునకు అన్వయించినచో చాలభాగము సరిపోవును. దేవరాతుని వారసత్వమునకు ఇది పత్రమే. క్షత్రియునకంటె బ్రాహ్మణుడు అధికుడన్న వరుణుని మాట ఒక పత్రము. హోతకు 1000 గోవులు మరియొక పత్రము. ఎల్లలలోని జాతులు ఎల్లలలోనే ఎందుకున్నవను దానికిని పత్రమే. అయినను మిగిలిపోవునది గలదు. అధికారపత్రము తన యజమానుని లోపములను వ్రాసికొనదు. ఇచట సింహాసనమెక్కిన దినముననే రాజునకు, మాట యిచ్చి తప్పించుకొనుచు వచ్చిన రాజు కథ చెప్పబడుచున్నది. ఋత్విక్కులకు, తమవంటి ఋత్విక్కుల యెదుటనే బాలుడు యూపమునకు కట్టబడిన కథ వినిపింపబడుచున్నది. పుత్రార్థికి, పుత్రుని అమ్మిన తండ్రి కథ! ప్రశంసయే ప్రయోజనమైనచో ఇంతకంటె అనుకూలమైన కథలు వేదమున కొదువ లేవు.

మీమాంసాదృష్టితో చూచినను ఇచట ఒక విశేషము గలదు. రుద్రరోదనము విధికి శేషము మాత్రమే. శౌనఃశేపము అట్లు కాదు. దీనిని చెప్పుటయే విధేయము. కథనమే కర్మ. కనుక ఇది దేనిని ప్రశంసించుచున్నదని వెదకుటకంటె, చెప్పుటచే ఏమి జరుగునని భావించిరో చూడవలెను. దానిని బ్రాహ్మణమే చెప్పినది: పాపమోచనము. రాజ్యము సంపాదించుటలో హింస తప్పదు. యజ్ఞము చేయక విజయము మాత్రమే పొందిన రాజునకును ఈ కథ విధింపబడుటకు కారణమిదియే కావలెను. వరుణపాశము హరిశ్చంద్రునిది మాత్రమే కాదు, అభిషిక్తుడైన ప్రతి రాజునకును గలదు. దానిని వదలించుటకు, పాశము సడలిన వృత్తాంతమును ఋక్కు ఋక్కునకు నడుమ నిలుపుచు రాజు చెవిని వేయుదురు. దోషమును దాచి శుద్ధి చేయుట కుదరదు. కథలోని వికారమంతయు శుద్ధికి అవసరమైన సామగ్రి.

గోవుల లెక్కయు ఇచట ఆలోచింపదగినది. అజీగర్తునకు 100 చొప్పున మూడుమార్లు గోవులు ముట్టినవి: అమ్మినందుకు, కట్టినందుకు, చంపుటకు పూనుకొన్నందుకు. కథ చెప్పినవానికి 1000, తథా యన్నవానికి 100. ఒక మనుష్యుని పశువుగా మార్చిన వెలయే, ఆ అకార్యమును సభలో చెప్పినందుకు దక్షిణగా మారినది. గోసంపద ఒకటియే. దాని గతి వేరు.

ఇందు తండ్రులు ముగ్గురు. హరిశ్చంద్రుడు ప్రేమచే మాట తప్పెను. అజీగర్తుడు ఆకలిచే ప్రేమను తప్పెను. విశ్వామిత్రుడు పరపుత్రుని ఒడిలోనికి తీసికొని స్వపుత్రులను ఏబదిమందిని పోగొట్టుకొనెను. నారదుని పది గాథలు పుత్రుని గూర్చి పలికిన ప్రశంసకు ఈ ముగ్గురిలో ఎవడును పూర్తిగా తగడు. పురాకథ పరిష్కరింపరాని వైరుధ్యమును మోయుటకు పుట్టిన సాధనమని 1955లో లెవీ-స్ట్రాస్ వ్రాసెను. ఆయన పద్ధతిలోని బీజగణితమును పక్కన బెట్టినను ఆ మాట ఇచట నిలుచును. పుత్రుడు తండ్రి సొత్తా? సొత్తు కానిచో హరిశ్చంద్రుడు మాట యెట్లిచ్చెను? సొత్తు అయినచో శునఃశేపుడు తండ్రిని త్యజించుట ధర్మమెట్లయ్యెను? విధి ఒకటి చెప్పగలదు. ఆఖ్యానము రెండింటిని ఒకే దినమున, ఒకే యూపము కడ నిలుపగలదు.

అందుచేతనే ఈ కథ నుండి ఒక్కొక్క ముక్కను విడదీసినప్పుడెల్ల దాని అర్థము తలక్రిందులైనది. దీనికి నిదర్శనములు ధర్మశాస్త్రముననే గలవు. వాసిష్ఠ ధర్మసూత్రము పుత్రభేదములను చెప్పుచు, క్రీతపుత్రునకును, స్వయముగా వచ్చి చేరిన పుత్రునకును శునఃశేపునే ఉదాహరణముగా చూపినది. తల్లిదండ్రులకు పుత్రుని ఇచ్చుటకు, అమ్ముటకు, విడుచుటకు అధికారము గలదనియు ఆ సూత్రమే చెప్పినది. ఆఖ్యానమున సభ యంతయు సిగ్గుపడదగిన క్రయము ఇచట పుత్రత్వమునకు ఒక మార్గమైనది. మనువు ఇంకను ముందునకు పోయెను. పదవ అధ్యాయమున ఆపద్ధర్మమును చెప్పుచు, ఆకలిగొన్న అజీగర్తుడు కుమారుని చంపబోయియు పాపము పొందలేదని నిర్ణయించెను. ఆకలి బాధ స్మృతికారునకు తెలిసినదే. ఆ దయను తప్పుపట్టవలసిన పని లేదు. కాని ఆఖ్యానములో తీర్పు చెప్పినవాడు స్మృతికారుడు కాడు, కట్టబడినవాడు. అతడు సంధింపరానిది అనెను. స్మృతి తండ్రి ఆకలిని చూచినది. కొడుకు మాటను వినుటకు దాని ప్రకరణమున చోటు లేదు. ఆ మాట ఆఖ్యానముననే మిగిలినది.

ఆంధ్రుల వాక్యమునకు పట్టిన గతియు ఇట్టిదే. కథలో నున్నంతవరకు ఆ వాక్యము చెప్పునది జన్మను గూర్చి కాదు. శునఃశేపుడు పుట్టుకచే ఆంగిరసుడు; అంగీకారముచే వైశ్వామిత్రుడు, అందునను జ్యేష్ఠుడు. ఏబదిమంది పుట్టుకచే వైశ్వామిత్రులు, అందునను పెద్దలు, అంగీకరింపమిచే బయటివారు. బంధుత్వమును నిలుపునది రక్తము కాదు, సమ్మతి యని ఈ రెండు భాగములును కలిసి చెప్పుచున్నవి. ఎల్లలకు ఆవలి జనులు వేరొక సృష్టివారని కథ అనలేదు. వారు భాగము దక్కని అన్నలు. కనుక ఈ వాక్యమును ఆర్యానార్య వివాదమున ఏ పక్షమువారు ఉదాహరించినను, అది చెప్పని విషయమునకు దానిని సాక్షిగా పిలిచినట్లే. అది చెప్పునది ఒక్కటే: ఐతరేయకారుని కాలమునకు ఈ పేరుగల జనులు ఆయన ప్రపంచమునకు అంచున ఉండిరి, ఆ అంచును ఆయన సంప్రదాయము ఒక కుటుంబకలహముగా ఊహించినది.

ఈ ఊహ మర్యాదకరమైనదని చెప్పుటకు వీలు లేదు. వారిని దస్యువులలో చేర్చి చెప్పినది. శాపమన్నది. అయినను శాపమునకు కారణమున్నది, కారణమునకు పక్షము లేకపోలేదు. ఎవరో తెచ్చి ఒడిలో కూర్చుండబెట్టుకొన్న బాలుడు తమకు జ్యేష్ఠుడు కాడన్న పెద్దకొడుకుల మాటను ఆ కాలపు దాయధర్మము ప్రకారము పూర్తిగా తప్పనుట సులభము కాదు. మనుస్మృతి పదవ అధ్యాయమునకు వచ్చుసరికి ఆంధ్రులు వర్ణసంకరముచే పుట్టినవారు, అడవిమృగములను చంపి బ్రతుకువారు అను పట్టికలో చేరిరి. అచట విశ్వామిత్రుడు లేడు, దేవరాతుడు లేడు, కలహము లేదు. కథ పోయినది, తక్కువతనము మాత్రము మిగిలినది. పురాకథ లేని పట్టిక పురాకథకంటె నిర్దయమైనదనుటకు ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన చాలును.

కథ తరువాతి ప్రయాణము దీర్ఘమైనది. వాల్మీకి బాలకాండమున రాజు అంబరీషుడు, తండ్రి ఋచీకుడు, వెల లక్ష గోవులు. బాలుడు తానే ముందునకు వచ్చును. పశువుకు బదులు పొమ్మన్న తండ్రి మాటను త్రోసిపుచ్చిన విశ్వామిత్రపుత్రులు శ్వమాంసభక్షకులగుదురని శాపము. ఆంధ్రుల ప్రసక్తి లేదు. భాగవత నవమస్కంధమున హరిశ్చంద్రరోహితుల వృత్తాంతమును, విశ్వామిత్రపుత్రుల శాపమును వేరువేరు అధ్యాయములలో కనిపించును. శప్తులు మ్లేచ్ఛులైరని సామాన్యముగా చెప్పబడినది. మార్కండేయపురాణమున హరిశ్చంద్రుడు సత్యమునకై భార్యాపుత్రులను అమ్ముకొన్న రాజు. ఆ మార్గముననే గౌరన ద్విపదయు, రామరాజభూషణుని ద్వ్యర్థికావ్యమును, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకమును వెలసినవి. తెలుగునాట కాటిసీను పద్యములు విని కంటతడి పెట్టినవారికి, వైదిక హరిశ్చంద్రుడు ఐదుమార్లు గడువు కోరినవాడని చెప్పిన నమ్మశక్యము కాదు. అమ్మకము మాత్రము రెండు కథలలోను ఉన్నది. వేదమున పరుని కొడుకు, పురాణమున తన కొడుకు.

శునఃశేపుడు నేటికిని ఉచ్చరింపబడుచున్న చోటు మరియొకటి గలదు. విశ్వామిత్రగణమునకు చెందిన గోత్రములలో కొన్నింటి ప్రవర దేవరాతుని పేరుతోను, కొన్నింటిది మధుచ్ఛందుని పేరుతోను నడచుచున్నది. అభివాదనము చేయు బాలుడు దేవరాతుని తన పూర్వఋషిగా చెప్పినపుడు, 100 గోవులకు అమ్ముడుపోయిన పిల్లవానిని మూలపురుషునిగా చెప్పుచున్నాడు. తిరస్కరించిన ఏబదిమంది పేర్లు ఏ ప్రవరలోను లేవు. వారికి మిగిలినది జాతినామములు.

ఆ నామములలో ఆంధ్రశబ్దము ఎల్లలలోనే నిలిచిపోలేదు. క్రీ.పూ. 3వ శతాబ్దమున అశోకుని 13వ శిలాశాసనము ఆంధ్రులను రాజు ఏలుబడిలోని జనులలో పేర్కొన్నది. వారితో జంటగా చెప్పబడినవారిని పుళిందులని పలువురు పండితులు గుర్తించిరి. పురాణములు ఆంధ్రులని పిలిచిన శాతవాహనులు నానేఘాట్ శాసనమున తాము చేసిన అశ్వమేధాది శ్రౌతయాగములను, ఇచ్చిన గోదక్షిణలను లెక్కించి వ్రాయించిరి. ఆంధ్రదేశమును ఏలిన విష్ణుకుండినులలో మాధవవర్మ పదకొండు అశ్వమేధములు చేసినవాడని ఆ వంశశాసనములు కీర్తించును. చిక్కుళ్ల తామ్రశాసనమున ఆయన యాగముల వరుసలో రాజసూయము గలదు. పురుషమేధమును గలదు.

ఆ రాజసూయము సూత్రోక్తముగా జరిగినదే యైనచో, అభిషిక్తుడైన మాధవవర్మ యెదుట హోత బంగారు ఆస్తరణముపై కూర్చుండి, విశ్వామిత్రుని పెద్దకొడుకులు ఎల్లలపాలై ఆంధ్రులైరని ఆంధ్రభూమిలోనే చెప్పి యుండవలెను. అధ్వర్యుడు ప్రతిగరమునకు సిద్ధముగా కూర్చుండి యుండును. అయితే ఓంకారము ఋక్కునకు, తథా యనుట గాథకు. శాపమును, జాతుల పేళ్లను చెప్పు ఆ వాక్యము ఋక్కును కాదు, గాథయు కాదు, గద్యము. దానికి ప్రతిగరము విధింపబడలేదు.